తెర మీద ఏది ముందు, ఏది తర్వాత



1947 అక్టోబరు 5న కలకత్తాలో కొందరు యువకులు కలిసి ఒక ఫిల్మ్ సొసైటీ పెట్టుకున్నారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు. ఆ సొసైటీ వేసిన మొదటి సినిమా ఐసెన్‌స్టైన్ తీసిన మూకీ చిత్రం ‘బ్యాటిల్‌షిప్ పొటెమ్‌కిన్’. స్థాపకుల్లో ఒకరైన సత్యజిత్ రాయ్‌కి 26 ఏళ్లు. చిదానంద దాస్‌గుప్తాకి అవి కూడా నిండలేదు. రాయ్ అప్పటికి దర్శకుడు కాదు. ఒక ప్రకటనల కంపెనీలో బొమ్మలు వేసే ఉద్యోగి. ‘పథేర్ పాంచాలి’ రావడానికి ఇంకా ఎనిమిదేళ్లుంది.

ఆ మరుసటి నెలలోనే న్యూయార్క్‌లో ఇంకో 26 ఏళ్ల యువకుడు ఇలాంటి పనికే దిగాడు. పేరు ఆమోస్ వోగెల్. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను కలుపుకున్నాక వియన్నా వదిలి వచ్చిన యూదు కుర్రాడు. గ్రీనిచ్ విలేజ్‌లో ప్రావిన్స్‌టౌన్ ప్లేహౌస్ అనే చిన్న నాటకశాలలో, భార్య మార్సియాతో కలిసి ‘సినిమా 16’ అనే సంస్థ మొదలుపెట్టాడు. మామూలు థియేటర్లలో 35 ఎం.ఎం. ఫిల్ము ఆడితే, బడుల్లో, క్లబ్బుల్లో ఆడేది 16 ఎం.ఎం. సంస్థ పేరులోని అంకె అదే.

వోగెల్ తొలి ప్రదర్శనలో ఏమేం వేశాడో చూస్తే సంగతి తెలుస్తుంది. నర్తకి మార్తా గ్రాహమ్ నృత్యం మీద ఒక సినిమా. కోతి నుంచి మనిషి దాకా జరిగిన పరిణామం మీద ఒక శాస్త్ర చిత్రం. రంగులూ ఆకారాలూ తప్ప కథలేని బొమ్మల సినిమా ఒకటి. మనుషుల మధ్య గీసుకున్న గీతల గురించి ఇంకో బొమ్మల సినిమా. చివరికి, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చిన తలాతోకా అందని ప్రయోగం. విడివిడిగా చూస్తే ఒకదానికొకటి పొంతన లేదు. పక్కపక్కన పెట్టేసరికి చూసేవాడి బుర్రలో ఒకదాన్నొకటి ఢీకొంటాయి. నృత్యం చూసిన కంటితోనే కోతి కదలికను చూస్తాడు. ఇందులో ఒక్క సినిమా కూడా వోగెల్ తీసింది కాదు, కానీ ఆ సాయంత్రం మాత్రం అతను తయారుచేసిందే. సభ్యులకు మాత్రమే వేసే క్లబ్బు కాబట్టి న్యూయార్క్ రాష్ట్రపు సెన్సారు కత్తెర దాని జోలికి రాలేకపోయింది. సభ్యుల సంఖ్య ఒక దశలో 7,000 దాకా వెళ్లింది. 1963లో సంస్థ మూతపడ్డా, అదే ఏడాది రిచర్డ్ రౌడ్‌తో కలిసి వోగెల్ న్యూయార్క్ ఫిల్మ్ ఫెస్టివల్‌ను నిలబెట్టాడు.

సినిమాలు వెతకడం, వచ్చినవాటిలోంచి ఏరడం, ఏది ఏ పూట, దేని పక్కన, ఎవరికోసం అని తేల్చడం. ఫెస్టివల్ వాళ్ల మాటల్లో ఇదంతా ప్రోగ్రామింగ్. రాయ్‌కి గానీ వోగెల్‌కి గానీ దీన్ని నేర్పిన గురువు లేడు. ఎదురుదెబ్బలు తింటూ నేర్చుకున్నారు. ఇప్పుడు పదిహేను, పదహారేళ్ల పిల్లలకు ఈ పని చేతికిచ్చి నేర్పే చోట్లు ప్రపంచంలో కొన్ని ఉన్నాయి.

అలాంటిదొకటి స్కాట్లాండ్‌లో గ్లాస్గో నగరం. అక్కడి రోజ్ స్ట్రీట్‌లో 1939లో జార్జ్ సింగిల్టన్ అనే థియేటర్ల యజమాని ‘కాస్మో’ అనే హాలు కట్టించాడు. బయటి దేశాల సినిమాలు ఆడించడానికే కట్టిన హాలు అది. 1974లో అది గ్లాస్గో ఫిల్మ్ థియేటర్ అయింది. ఆ థియేటర్ గూటి నుంచే గ్లాస్గో యూత్ ఫిల్మ్ ఫెస్టివల్ వచ్చింది. దీని ప్రత్యేకత ఏమిటంటే, ఏ సినిమాలు ఆడాలో నిర్ణయించేది పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య పిల్లలు. పెద్దలు పక్కనుంటారు, సలహా చెబుతారు, హక్కుల కోసం ఉత్తరాలు రాయడంలో సాయం చేస్తారు. చివరి మాట మాత్రం పిల్లలది. టొరంటో ఫెస్టివల్‌లోనూ హైస్కూలు వయసు వాళ్ల కమిటీ ఒకటి ‘నెక్స్ట్ వేవ్’ పేరుతో సినిమాలు ఎంచుతుంది. నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో ‘యంగ్ సెలెక్టర్స్’ అనే యువ బృందం ఉంది.

బ్రిటన్ పిల్లలకు ఈ పనిలో ఒక విచిత్రమైన ఇబ్బంది ఉంటుంది. అక్కడ 18 అని ముద్రపడిన సినిమాను ఆలోపు వయసువాళ్లకు హాల్లో చూపించకూడదు. ముద్రే పడని ఫెస్టివల్ సినిమా అయితే స్థానిక కౌన్సిల్ వయసు నిర్ణయించాలి. అంటే పదహారేళ్ల ప్రోగ్రామర్ ఒక సినిమా మీద మనసుపడినా, అది తన తోటివాళ్లకు అందకుండా పోవచ్చు. మన దగ్గరా ఈ లెక్క మారింది. సినిమా చట్టానికి 2023లో చేసిన సవరణ తర్వాత పాత యూఏ సర్టిఫికెట్ 7, 13, 16 ఏళ్ల కొలతలతో మూడుగా చీలింది. పిల్లల కోసం సినిమాలు ఎంచేవాళ్లకు ఇది చాలా పనికొచ్చే చీలిక.

పిల్లలను కూర్చోబెట్టి సినిమాలు ఎంచమంటే మొదట చేసే పని చేతులెత్తడం. లేదా పదికి ఎన్ని మార్కులో కాగితం మీద రాసి సగటు తీయడం. న్యాయంగానే కనిపిస్తుంది. కానీ సగటుతో గెలిచేది ఎవరికీ అభ్యంతరం లేని సినిమా. అందరూ ఆరేసి మార్కులు వేసిన సినిమా ముందుకొస్తుంది. ఒకరు తొమ్మిది, ఇంకొకరు రెండు వేసి కొట్లాడుకున్న సినిమా వెనక్కిపోతుంది. నిజానికి ఫెస్టివల్లో వేయాల్సింది ఆ రెండోదే. మంచి శిక్షకులు మార్కులు పక్కన పెట్టించి, “ఈ సినిమా కోసం నువ్వు వాదిస్తావా? ఎవరు చూడాలంటావు? ఎందుకు?” అని అడుగుతారు. నచ్చిందని చెప్పడం సులువు. నచ్చనివాడిని కూర్చోబెట్టి ఒప్పించడానికి పదహారేళ్ల పిల్ల సినిమాను మళ్లీ చూడాలి, షాటు షాటుగా చూడాలి.

తీర్పు చెప్పడానికీ ఎంచి పెట్టడానికీ ఎంత తేడా ఉందో బెర్లిన్ చూపిస్తుంది. బెర్లిన్ ఫెస్టివల్లో 1978 నుంచి పిల్లల విభాగం ఉంది. ఇప్పుడు దాని పేరు జెనరేషన్. చిన్నపిల్లల కోసం కే-ప్లస్, టీనేజి వాళ్ల కోసం 14-ప్లస్ అని రెండు పోటీలు. సినిమాలు ఎంచేది పెద్దలు, స్ఫటికపు ఎలుగుబంటి అనే బహుమతి ఇచ్చేది పిల్లలు. పెద్దల జ్యూరీ ఇచ్చే బహుమతి వేరు. కే-ప్లస్‌లో బాలల జ్యూరీ ఉంటుంది. సినిమాలు చూసి ప్రశ్నపత్రాలు నింపిన పిల్లల్లోంచి, వాళ్లు రాసిన జవాబులు చూసి, తర్వాతి ఏడాది జ్యూరీని ఎంచుతారు. బాగా చూసేవాడికి సీటు, అంతే. అక్కడ సిఫార్సు లేఖతో పనిలేదు.

2015లో ఆ కే-ప్లస్ పోటీకి హైదరాబాద్‌లో పుట్టిన నగేష్ కుకునూర్ తీసిన ‘ధనక్’ వెళ్లింది. ‘హైదరాబాద్ బ్లూస్’తో 1998లో పేరు తెచ్చుకున్న ఆయనే. చూపులేని తమ్ముడిని వెంటబెట్టుకుని, షారుఖ్ ఖాన్‌ను కలిస్తే కళ్లు వస్తాయన్న నమ్మకంతో రాజస్థాన్ దారులు పట్టిన అక్క కథ. పెద్దల అంతర్జాతీయ జ్యూరీ దానికి తన గ్రాండ్ ప్రి ఇచ్చింది. బాలల జ్యూరీ ప్రత్యేక ప్రస్తావనతో సరిపెట్టి, స్ఫటికపు ఎలుగుబంటిని ‘మై స్కిన్నీ సిస్టర్’ అనే స్వీడిష్ సినిమాకు ఇచ్చింది. అందులోనూ అక్కే ఉంది. ఐస్ స్కేటింగ్ పోటీల కోసం తిండి మానేసి, తిన్నది కక్కేసుకుంటూ చిక్కిపోతున్న అక్క. ఆ రహస్యం చెల్లెలికి తెలుస్తుంది, ఎవరికీ చెప్పకూడదని అక్క కట్టడి చేస్తుంది. రెండూ మంచి సినిమాలే. కానీ పెద్దలు ఒక దారిన, పిల్లలు ఇంకో దారిన పోయారు. పిల్లలకు తేలికైన, వెచ్చనైన సినిమాలు పెడితే చాలనుకునే పెద్దలు ఈ ఫలితాన్ని ఒకసారి తిరగేసి చూడాలి.

ఇక చూడాల్సిన సినిమాల బరువు సంగతి. ఇప్పుడు కెమెరా అందరి జేబులోనూ ఉంది, సినిమా పంపడానికి వెబ్‌సైట్లున్నాయి. 2024 సన్‌డాన్స్ ఫెస్టివల్‌కి 12,098 లఘు చిత్రాలు వచ్చాయి. తీసుకున్నవి 53. దాదాపు రెండు వందల ముప్పై సినిమాలకు ఒకటి. చిన్న యువ ఫెస్టివల్‌కి అన్ని రావు, కానీ వందలు రావచ్చు. రోజుకు ముప్పై చూస్తే ఇరవయ్యోది అన్యాయమైపోతుంది. ఆకలేసినప్పుడు చూసిన సినిమా నీరసంగా కనిపిస్తుంది. అందుకే ఒకే సినిమాను ఇద్దరికి, వేరువేరు రోజుల్లో చూపించి, ఇద్దరి రాతలూ కలిపి చదువుతారు.

ఏరడం అయ్యాక అసలు పని మొదలవుతుంది. పన్నెండు లఘు చిత్రాలు చేతిలో ఉన్నాయి, హాలు దొరికింది గంటన్నర. ఏడెనిమిది పడతాయి. ఏవి, ఏ వరుసలో? కర్ణాటక కచేరీకి ఒక నడక ఉంది కదా. వర్ణంతో గొంతు వేడెక్కించి, మధ్యలో బరువైన కీర్తన పాడి, చివరకొచ్చేసరికి జావళో తిల్లానానో పాడి జనాన్ని తేలిగ్గా ఇంటికి పంపుతారు. లఘు చిత్రాల గంటన్నర కూడా అలాంటిదే. మొదటి సినిమా ఆలస్యంగా వచ్చినవాళ్లు సీట్లు వెతుక్కుంటున్నా తట్టుకోవాలి, కాబట్టి మాటల మీద నడిచే నెమ్మది కథ అక్కడ పనికిరాదు. మరణం మీద రెండు సినిమాలు వెంటవెంటనే వస్తే రెండోది ఓడిపోతుంది. మరీ బరువైనదాని వెనక హాస్యం వస్తే, జనం నవ్వాలా వద్దా అని ఇబ్బంది పడతారు. ఒక్కోసారి ఆ ఇబ్బందే కావాలని పెడతారు. అందుకే కొత్త ప్రోగ్రామర్లు సినిమాల పేర్లు చీటీల మీద రాసుకుని బల్ల మీద అటూ ఇటూ జరుపుతూ గంటలు గడుపుతారు.

మన ఊళ్లలో ఇంకో చిక్కు ఇంటర్వెల్. ఫెస్టివల్ సినిమాలకు ఇంటర్వెల్ ఉండదు. గంటకో, గంటంబావుకో దీపాలు వెలగకపోతే తెలుగు ప్రేక్షకుడు తల తిప్పి ప్రొజెక్టర్ వైపు చూస్తాడు. ముందే చెప్పకపోతే సగం హాలు పాప్‌కార్న్ కోసం లేచి వెళుతుంది. వరుస కూర్చేవాళ్లు దీన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

సాంకేతిక భాగం చప్పగా ఉంటుంది కానీ ఫెస్టివల్స్ కూలేది అక్కడే. ఇప్పుడు థియేటర్‌కు వెళ్లేది రీలు కాదు, డీసీపీ అనే డిజిటల్ కట్ట. దానికి తాళం వేసి ఉంటే కేడీఎం అనే తాళంచెవి విడిగా వస్తుంది. ఆ చెవి ఫలానా థియేటర్లోని ఫలానా యంత్రానికే, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే పనిచేస్తుంది. హాలు మార్చితే తెరుచుకోదు, ఆట ఒక రోజు వెనక్కి జరిపితే తెరుచుకోదు. సబ్‌టైటిళ్లు తెర అంచున తెగిపోతున్నాయా, శబ్దం వెనక స్పీకర్లలోంచి కూడా వస్తోందా అని ముందు రోజు ఖాళీ హాల్లో కూర్చుని చూడాలి. మనదేశంలో సర్టిఫికెట్ లేని సినిమాలను ఫెస్టివల్లో వేయాలంటే కేంద్ర సమాచార ప్రసార శాఖ నుంచి మినహాయింపు తెచ్చుకోవాలి. అనుమతుల కాగితం పట్టుకుని తిరిగిన కుర్రాడికి సినిమా మీద ప్రేమ కాస్త తగ్గుతుంది, గౌరవం కాస్త పెరుగుతుంది.

ఇంతా చేశాక జనం రావాలి. రాటర్‌డామ్ ఫెస్టివల్ 1972లో హ్యూబ్ బాల్స్ అనే ఆయన మొదలుపెట్టినప్పుడు తొలి రాత్రి హాల్లో ఉన్నది పదిహేడు మంది. ఇవాళ అది యూరప్‌లో పెద్ద ఫెస్టివల్స్‌లో ఒకటి. యువ ప్రోగ్రామర్లకు శిక్షణలో ఒక భాగం బ్రోచర్‌లో నాలుగు వాక్యాలు రాయడం. మొదటి ప్రయత్నంలో అందరూ “గుండెను తాకే”, “మరపురాని” అని రాస్తారు. అది చదివి ఎవరూ టికెట్ కొనరు. అక్కను చూస్తూ చెల్లెలు దాచుకున్న రహస్యం అని రాస్తే కొనే అవకాశం ఉంది. తర్వాత తెర ముందు నిలబడి రెండు నిమిషాల పరిచయం. కథ చెప్పేయకూడదు, పొగడకూడదు, ఎందుకు ఎంచామో ఒక్క కారణం చెప్పి దిగిపోవాలి. టీనేజి పిల్లలకు అన్నిటికన్నా కష్టమైన రెండు నిమిషాలు ఇవే.

ఈ విద్యకు బడిలోనే పునాది వేయాలన్నది బార్సిలోనాలోని ‘ఆ బావో ఆ కు’ సంస్థ అభిప్రాయం. 2005 నుంచి ఆ సంస్థ కాటలోనియా బడుల్లో సినిమా పాఠాలు నడుపుతోంది. 2014లో పోర్చుగల్, లిథువేనియా సంస్థలతో చేతులు కలిపి ‘మూవింగ్ సినిమా’ అనే పథకం తెచ్చింది. అందులో ‘యంగ్ ప్రోగ్రామర్స్’ అని ఒక భాగం. పిల్లలు సినిమాలు ఎంచి, తమ ఈడువాళ్లకు తామే పరిచయం చేస్తారు. మాస్టారు చెబితే హోంవర్క్ అనిపించేది, పక్క బెంచీ పిల్ల చెబితే సినిమా అనిపిస్తుంది.

హైదరాబాద్‌కు ఈ విషయంలో ఒక పాత చరిత్ర ఉంది. 1955లో ఏర్పడిన బాలల చలనచిత్ర సంస్థ 1979లో అంతర్జాతీయ బాలల చిత్రోత్సవం మొదలుపెట్టింది. ఆ తర్వాతి కాలంలో దానికి శాశ్వత వేదిక హైదరాబాద్ అయింది. రెండేళ్లకోసారి, బాలల దినోత్సవం చుట్టూ, బడి బస్సులు థియేటర్ల ముందు బారులు తీరేవి. బహుమతి బంగారు ఏనుగు. పిల్లల జ్యూరీ ఉండేది, పిల్లలే తీసిన సినిమాలకు ‘లిటిల్ డైరెక్టర్స్’ విభాగం ఉండేది. 2017లో జరిగింది 20వ ఉత్సవం. 2022లో మాతృసంస్థ జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలిసిపోయింది. ఆ ఉత్సవాలతో తెలుగు పిల్లలకు సినిమా తీసే అవకాశం వచ్చింది, మార్కులు వేసే అవకాశం వచ్చింది. ఒక్క హాలు, ఒక్క పూట పూర్తిగా వాళ్ల చేతికిచ్చి “మీరే ఎంచండి” అనడం మిగిలింది.

ఇస్తే ఎలా ఉంటుందో ఒక ఊహ. విశాఖపట్నం పిల్లల బృందం అనుకుందాం. మొదట ఎవరైనా ఎంచేది ‘కేరాఫ్ కంచరపాలెం’. వెంకటేష్ మహా 2018లో తీసిన సినిమా, వాళ్ల ఊరి పేటే, నటించినవాళ్లలో చాలామంది ఆ పేట మనుషులే. దాని పక్కన ఏం పెట్టాలి? ఒక పిల్ల ఇరాన్ నుంచి అబ్బాస్ కియారొస్తామీ 1987లో తీసిన ‘వేర్ ఈజ్ ద ఫ్రెండ్స్ హౌస్’ పేరు చెబుతుంది. అక్కడా నటులు కారు, ఊరి పిల్లలే. పొరపాటున తన సంచిలోకి వచ్చిన స్నేహితుడి నోటుపుస్తకం తిరిగి ఇవ్వడానికి పక్క ఊరంతా వెతికే కుర్రాడి కథ. జోడీ కుదిరింది. తగువు అప్పుడు మొదలవుతుంది. ఇరాన్ సినిమా గంటా ఇరవై మూడు నిమిషాలు, తెలుగు సినిమా రెండున్నర గంటలు. రెండూ కలిపితే దాదాపు నాలుగు గంటలు. సొంత ఊరి సినిమా ముందు వేస్తే అది అయిపోగానే జనం ఇంటికి పోతారు. ఇరానీది ముందు వేస్తే, పారసీ మాటలకు ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు ఎనిమిదో తరగతి తెలుగు మీడియం పిల్లలు ఎలా చదువుతారు?

బెర్లిన్ దీనికో దారి కనిపెట్టింది. చిన్నపిల్లల ఆటల్లో హాల్లోనే మైకు ముందు ఒక మనిషి కూర్చుని, తెర మీద మాటలను అప్పటికప్పుడు జర్మన్‌లో వినిపిస్తాడు. విశాఖలో అలాగే చేయాలంటే కియారొస్తామీ సంభాషణలన్నిటికీ ముందే తెలుగు రాసి పెట్టుకోవాలి, తల్లి అరుపునూ తాత గొణుగుడునూ ఒకే గొంతుతో చదవగలిగే పిల్ల దొరకాలి, ఆమె మాట పూర్తయ్యేలోపు తెర మీద కుర్రాడు తలుపు దాటిపోకుండా చూసుకోవాలి. ముందు రోజు రిహార్సల్‌కు హాలు ఇస్తారో లేదో మేనేజర్‌ను అడిగే పని ఎవరిదో కూడా ఆ సమావేశంలోనే తేల్చుకోవాలి.